ట్రాన్స్‌ఫర్ అడ్మిట్లు నాలుగు, కంప్యూటర్ సైన్స్‌కి ఏది తీసుకోవాలి? (యూసీ డేవిస్, యూసీ ఇర్వైన్, యూసీ శాన్ డియేగో మ్యాథ్-సీఎస్, శాన్ హోసే స్టేట్)

కొత్తగూడు
అందరికీ నమస్కారమండీ. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ రెండో ఏడాది చదువుతున్నాను, రెసిడెంట్‌నే. మిగతా రెండేళ్లు యూనివర్సిటీలో చదవడానికి ఫాల్‌కి నాలుగు ట్రాన్స్‌ఫర్ అడ్మిట్లు వచ్చాయి: డేవిస్ కంప్యూటర్ సైన్స్, ఇర్వైన్ కంప్యూటర్ సైన్స్, శాన్ డియేగోలో మ్యాథమాటిక్స్-కంప్యూటర్ సైన్స్, శాన్ హోసే స్టేట్ కంప్యూటర్ సైన్స్. కాల్క్యులస్ మూడు భాగాలు, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్, రెండు ఫిజిక్స్ కోర్సులు, సీ++ లో డేటా స్ట్రక్చర్స్ అయిపోయాయి. కంప్యూటర్ ఆర్గనైజేషన్ మా కాలేజీలో ఈ ఏడాది పెట్టలేదు. ఇంట్లో అందరూ ర్యాంకు చూడమంటున్నారు. నాకేమో రెండేళ్లలో పూర్తి కావాలి, ఇంటర్న్‌షిప్ దొరకాలి. ఏ లెక్కన చూసుకోమంటారు?

పట్టిక_మనిషి
ర్యాంకుని కాసేపు పక్కన పెట్టండి. ట్రాన్స్‌ఫర్‌గా వెళ్లేవాళ్ల చేతిలో ఉండేది రెండేళ్లు. డేవిస్, ఇర్వైన్, శాన్ డియేగో (మూడూ యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) క్వార్టర్ పద్ధతి, అంటే ఏడాదికి వేసవి కాక మూడు టర్మ్‌లు, కాబట్టి ఆరు క్వార్టర్లు. శాన్ హోసేలో నాలుగు సెమిస్టర్లు. మిగిలిన కోర్సులు ఒకదాని వెనక ఒకటిగా అందులో పడతాయా లేదా అన్నది ముందు తేలాలి. అది తేలాక ర్యాంకు గురించి మాట్లాడుకోవచ్చు.

అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీ కాలేజీ, ఆ క్యాంపస్, ఆ మేజర్ ఎంచుకుని అగ్రిమెంట్ (మీ కోర్సుల్లో ఏది అక్కడి ఏ కోర్సుకి సమానమో చెప్పే పట్టిక) దించుకోండి. నాలుగు క్యాంపస్‌లకీ నాలుగు. మీరు కోర్సు చదివిన విద్యా సంవత్సరం ఏదో ఆ సంవత్సరపు అగ్రిమెంటే చూడాలి. ఈ ఏడాదిది చూసి రెండేళ్ల కిందటి కోర్సు చెల్లుతుందనుకుంటే ఆగస్టులో తెలుస్తుంది చెల్లలేదని.

తర్వాత ఒక షీట్‌లో నాలుగు గళ్లు గీయండి. ఆ క్యాంపస్ అడిగే లోయర్ డివిజన్ (మొదటి రెండేళ్ల) కోర్సు. దానికి బదులు మీరు చదివినది. తీరిందా లేదా. అది తీరితే తెరుచుకునే అప్పర్ డివిజన్ (చివరి రెండేళ్ల) కోర్సులు. చాలామంది మూడో గడితో ఆపేస్తారు, అసలు విషయమంతా నాలుగో దాంట్లో ఉంటుంది.

ఈ అగ్రిమెంట్లు చదవడంలో దెబ్బతినే చోట్లు చెప్తాను. మీ కాలేజీ కోర్సులు రెండు కలిస్తేనే అక్కడి ఒక కోర్సుకి సమానం అని రాసి ఉండొచ్చు, వాటిలో ఒకటే చదివితే సగం ఫలితం రాదు, అసలేమీ రాదు. ఫిజిక్స్, కాల్క్యులస్ లాంటి వరస కోర్సులు ఒక భాగం ఒక కాలేజీలో, మరో భాగం ఇంకో కాలేజీలో చదివితే మధ్యలో ఒక అధ్యాయం రెండు చోట్లా తప్పిపోవచ్చు, అందుకే వరసంతా ఒకేచోట పూర్తి చేయమంటారు. ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల) స్కోర్లు అసిస్ట్ మేజర్ అగ్రిమెంట్‌తో తేలవు, క్యాంపస్ ఏపీ పట్టిక విడిగా చూడాలి, స్కోర్లు నేరుగా పంపించాలి. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉన్నచోట మీ కాలేజీలో అలాంటి కోర్సు ఉన్నా ఒప్పందం లేదని అర్థం. అప్పుడు పిటిషన్ పెట్టుకోవాలి. దానికి సిలబస్, వారం వారం పాఠాల జాబితా, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు, పాఠ్యపుస్తకం పేరు ఇప్పుడే దాచుకోండి. కోర్సు ముగిశాక కాలేజీ వెబ్‌సైట్‌లో మీ లాగిన్ పేజీలు మూసేస్తారు.

ఇక మీ నాలుగింటిలో వరసలు.

డేవిస్‌లో ఈసీఎస్ 36ఏ, 36బీ, 36సీ ప్రోగ్రామింగ్ వరస, ఈసీఎస్ 20 డిస్క్రీట్, ఈసీఎస్ 50 కంప్యూటర్ ఆర్గనైజేషన్. 20, 36సీ ఉంటే 122ఏ ఆల్గరిథమ్స్ తెరుచుకుంటుంది, 20తో 120 థియరీ. కానీ 50 లేకపోతే 154ఏ ఆర్కిటెక్చర్ లేదు, ఆర్కిటెక్చర్ వెనక 150 ఆపరేటింగ్ సిస్టమ్స్. మీకు లేనిది సరిగ్గా ఆ 50కి సమానమైన కోర్సే. మూడు మెట్లు, ఒక్కోటి ఒక్కో క్వార్టర్.

ఇర్వైన్‌లో మొదటి కోర్సులు పైథాన్‌లో (ఐసీఎస్ 31, 32, 33), తర్వాత 45సీ లో సీ++, 46 లో డేటా స్ట్రక్చర్స్. 46తో పాటు 6బీ, 6డీ డిస్క్రీట్ కోర్సులు తీరితే సీఎస్ 161 ఆల్గరిథమ్స్. 51 కంప్యూటర్ ఆర్గనైజేషన్, దాని వెనక 53 సిస్టమ్స్. మీ డిస్క్రీట్ ఒక్క కోర్సే అయితే 6బీ, 6డీ రెండూ తీరాయా, ఒకటే తీరిందా అన్నది జాగ్రత్తగా చూడండి. ఇర్వైన్ విషయంలో ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే.

శాన్ హోసేలో సీఎస్ 46బీ, మ్యాథ్ 42 (డిస్క్రీట్), మ్యాథ్ 30 (కాల్క్యులస్) ఉంటే సీఎస్ 146 డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్. 146 దాటితేనే 149 ఆపరేటింగ్ సిస్టమ్స్, 157ఏ డేటాబేస్. సీఎస్ 47 లేకుండా 147 ఆర్కిటెక్చర్ లేదు. మీ ప్రోగ్రామింగ్ సీ++ లో జరిగింది, అక్కడి 46బీ జావాలో ఉంటుంది, కాబట్టి 49జే అనే చిన్న జావా కోర్సు అదనంగా పడొచ్చు. ఆ ఒక్కటీ కుదరక 146 ఒక సెమిస్టర్ వెనక్కి జరిగితే మిగిలిన సగం డిగ్రీ దాంతోపాటే జరుగుతుంది.

కేటలాగ్‌లు ఏటా మారుతుంటాయి. మీరు చేరే ఏడాది కేటలాగ్‌తో ప్రతి మెట్టూ సరిచూసుకోండి.

లెక్కల_పంతులు
శాన్ డియేగో మ్యాథ్-సీఎస్ గురించి పట్టిక గారు ఏమీ రాయలేదు. ఆ మేజర్‌ని నడిపేది మ్యాథ్ డిపార్ట్‌మెంట్. ప్రూఫులు రాయడం నేర్పే మ్యాథ్ 109, కాంబినేటరిక్స్, అప్లైడ్ లీనియర్ ఆల్జీబ్రా ఇవన్నీ గట్టిగా చెప్తారు. మెషిన్ లెర్నింగ్, క్రిప్టోగ్రఫీ, ఆప్టిమైజేషన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఆ పునాది చాలా విలువైనది. లెక్కలు ఇష్టంగా చేసేవాళ్లు పేరులో "మ్యాథ్" ఉందని దాన్ని కొట్టిపారేయకూడదు.

పట్టిక_మనిషి
పునాది విషయంలో మీతో ఏకీభవిస్తాను పంతులు గారూ. నేను చెప్పాలనుకున్నది సీట్ల గురించి. అక్కడ కంప్యూటర్ సైన్స్ కోర్సులు సీఎస్‌ఈ డిపార్ట్‌మెంట్‌వి. అప్పర్ డివిజన్ సీఎస్‌ఈ క్లాసుల్లో ముందు సీఎస్‌ఈ మేజర్లకి సీట్లు, మిగిలితే బయటివాళ్లకి. సీఎస్‌ఈ 120 ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి మ్యాథ్-సీఎస్ విద్యార్థి అనుకున్న క్వార్టర్‌లో దొరుకుతాయని ప్రణాళిక వేసుకోవడం ప్రమాదం. ఆరు క్వార్టర్లే ఉన్న ట్రాన్స్‌ఫర్‌కి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఎదురుచూడటానికి ఏడాది మిగలదు.

రెండోది, చేరాక సీఎస్‌ఈలోకి మారదామనే ఆలోచన. శాన్ డియేగో 2025 ఫాల్ నుంచి కంప్యూటర్ సైన్స్‌ని సెలెక్టివ్ మేజర్ల జాబితాలో పెట్టింది, లోపల ఉన్నవాళ్లు మారడానికి గట్టి పరిమితులున్నాయి. ట్రాన్స్‌ఫర్‌గా వెళ్లేవాళ్లు ఆ దారి లేదనే అనుకుని నిర్ణయించుకోవాలి. ఇది ఒక్క శాన్ డియేగో సంగతి కాదు. బర్క్‌లీలో ఒకప్పుడు 61ఏ, 61బీ, 70 కోర్సుల్లో 3.3 సగటు తెచ్చుకుని కంప్యూటర్ సైన్స్ డిక్లేర్ చేసేవాళ్లు, 2023 నుంచి ప్రవేశమప్పుడే మేజర్ తేలిపోతోంది. అడ్మిట్ ఉత్తరంలో ఏ మేజర్ పేరుందో అదే మీ మేజర్ అనుకోండి.

మ్యాథ్-సీఎస్‌ని మ్యాథ్-సీఎస్‌గానే ఇష్టపడితే తీసుకోండి. సీఎస్‌ఈకి దొడ్డిదారిగా మాత్రం వద్దు.

క్వార్టర్_గడియారం
కోర్సుల వరస గురించి పైన బాగా రాశారు, నేను కాలం గురించి చెప్తాను. క్వార్టర్ అంటే పది వారాల పాఠాలు, తర్వాత ఒక వారం పరీక్షలు. కమ్యూనిటీ కాలేజీ సెమిస్టర్‌లో ఆరో ఏడో వారంలో వచ్చే మొదటి మిడ్‌టర్మ్ ఇక్కడ నాలుగో వారానికే వస్తుంది. మొదటి వారం పాఠాలు వెనకబడితే రెండో అసైన్‌మెంట్‌కి, మిడ్‌టర్మ్‌కి కలిపి చదవాల్సి వస్తుంది. మొదటి క్వార్టర్‌లో చాలామంది ట్రాన్స్‌ఫర్ల గ్రేడ్లు పడిపోవడానికి తెలివితక్కువతనం కారణం కాదు, ఈ వేగమే.

అందుకని మొదటి క్వార్టర్‌లో మూడు కోర్సులు చాలు, 12 యూనిట్లుంటే ఫుల్‌టైమే. ప్రూఫులుండేది ఒకటి (ఆల్గరిథమ్స్ గానీ థియరీ గానీ), ప్రోగ్రామింగ్ భారం ఉండేది ఒకటి, రాతకోతల జీఈ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన సాధారణ విద్య) కోర్సు ఒకటి. ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆర్కిటెక్చర్ మూడూ ఒకేసారి పెట్టుకోవద్దు. యూసీలో జీపీఏ సున్నా నుంచి మొదలవుతుంది, కమ్యూనిటీ కాలేజీలో తెచ్చుకున్నది అందులో కలవదు. మొదటి క్వార్టర్ మూడు గ్రేడ్లే కొన్ని నెలలపాటు మీ జీపీఏ మొత్తం.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్. పెద్ద కంపెనీలు వచ్చే వేసవికి దరఖాస్తులు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య తెరుస్తాయి. క్వార్టర్ క్యాంపస్‌లో తరగతులు మొదలయ్యేదే సెప్టెంబరు చివర. అంటే క్యాంపస్‌లో అడుగుపెట్టేసరికి సగం గడువు పోయినట్టే. రెజ్యూమె జులైలో సిద్ధం కావాలి. విద్య కింద కొత్త యూనివర్సిటీ పేరు, డిగ్రీ పేరు, పట్టా అందుకునే నెల, ఏడాది రాయండి. కింద కమ్యూనిటీ కాలేజీ, అక్కడి జీపీఏ. పట్టా తేదీని చూసే మీరు ఏ కార్యక్రమానికి అర్హులో నిర్ణయిస్తారు, కాబట్టి ఆ తేదీ తప్పు రాస్తే దరఖాస్తు మనిషి కంటికి కూడా పడదు. అప్పటికి ఆల్గరిథమ్స్ కోర్సు చదివి ఉండరు, కోడింగ్ పరీక్షకి గ్రాఫులు, డైనమిక్ ప్రోగ్రామింగ్ వేసవిలో సొంతంగా చేయాల్సిందే.

ఇంకొకటి. రెండేళ్లలో పూర్తి చేస్తే మధ్యలో వచ్చేది ఒక్క వేసవి. డబ్బు, ఎయిడ్ అనుమతిస్తే డిసెంబరులో పట్టా అందుకునేలా ఒక క్వార్టర్ పొడిగించడం చాలామందికి మేలు చేస్తుంది, రెండో వేసవి కూడా విద్యార్థిగానే ఉంటారు. ఆ పొడిగింపుకి యూనిట్ల పరిమితి అడ్డొస్తుందా అని చేరిన మొదటి నెలలోనే అడ్వైజర్‌ని అడగాలి.

శాన్‌హోసే_వైపు
శాన్ హోసే స్టేట్‌ని చివరి వరసలో కూర్చోబెట్టేముందు రెండు మాటలు. సెమిస్టర్ పద్ధతి, తరగతులు ఆగస్టులో మొదలు, మేలో ముగింపు. కెరీర్ ఫెయిర్‌కి మీరు అప్పటికే క్యాంపస్‌లో కుదురుకుని ఉంటారు, వేసవి ఇంటర్న్‌షిప్ మే చివరే మొదలుపెట్టగలరు. క్వార్టర్ క్యాంపస్‌ల వాళ్లు జూన్ మధ్య దాకా పరీక్షల్లో ఉంటారు. కంపెనీలు చుట్టుపక్కలే కాబట్టి సెమిస్టర్ నడుస్తుండగా వారానికి పదిహేను ఇరవై గంటల పని కూడా కుదురుతుంది. అది డేవిస్‌లో కష్టం.

కానీ సీఎస్‌యూలో (శాన్ హోసే స్టేట్ ఉండే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ) డిగ్రీ అంటే మేజర్ కోర్సులే కాదు. అప్పర్ డివిజన్ జీఈ కోర్సులు, అమెరికా చరిత్ర, రాజ్యాంగం, రాష్ట్ర పాలన అంశాలుండే అమెరికన్ ఇన్‌స్టిట్యూషన్స్ షరతు, 100డబ్ల్యూ రాత కోర్సు ఉంటాయి. ఈ 100డబ్ల్యూని "తర్వాత చూద్దాం" అనుకుంటారు, తీరా చూస్తే సీఎస్ 160 సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌కి అది ముందు కావాలి. మొదటి సెమిస్టర్‌లోనే తీసేయండి. అమెరికన్ ఇన్‌స్టిట్యూషన్స్ కమ్యూనిటీ కాలేజీలోనే తీర్చుకుంటే నయం.

ఏడీటీ పట్టా (ట్రాన్స్‌ఫర్ కోసం కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) ఉన్నవాళ్లకి, అంటే కంప్యూటర్ సైన్స్ ఏఎస్-టీ పూర్తి చేసినవాళ్లకి, సీఎస్‌యూలో దానికి సరిపోయే మేజర్‌లో 60 సెమిస్టర్ యూనిట్లకు మించి చదివించకూడదన్న హామీ ఉంది. 2010లో వచ్చిన ఎస్‌బీ 1440 చట్టం ఇచ్చిన హామీ అది. అయితే అది సీఎస్‌యూలో ఏదో ఒక క్యాంపస్‌లో చోటు ఖాయం చేస్తుందే గానీ మీరు కోరిన క్యాంపస్‌లో, కోరిన మేజర్‌లో కాదు. మీ ఏఎస్-టీ ఆ క్యాంపస్ కంప్యూటర్ సైన్స్‌కి సరిపోయేదిగా గుర్తించారా అని అడ్మిట్ వివరాల్లో చూసుకోండి.

అన్నట్టు, అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, కంప్యూటర్ ఇంజినీరింగ్ మేజర్లు కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్‌లో ఉంటాయి, కంప్యూటర్ సైన్స్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో. మూడింటి ముందు కోర్సులూ వేరు. ఒకదాని అగ్రిమెంట్ చూసి ఇంకోదానికి సిద్ధపడకండి.

పెద్దక్క
నాన్నా, డబ్బు లెక్క ఎవరూ ఎత్తలేదు. ట్యూషన్ ఒక్కటే పోల్చకు. సీఎస్‌యూ ట్యూషన్ ఏటా 6 శాతం చొప్పున పెరిగేలా 2023లోనే నిర్ణయించారు: 2024-25లో 6,084 డాలర్లు, 2025-26లో 6,450, ఆ పైన ఇంకా పెరుగుతుంది. క్యాంపస్ ఫీజులు దీనికి అదనం. యూసీ ట్యూషన్ దీనికి రెట్టింపు పైనే, కానీ 2022 ఫాల్ నుంచి చేరేవాళ్లకి చేరిన ఏడాది రేటు ఆరేళ్ల దాకా మారకుండా ఉంటుంది. కాబట్టి రెండో ఏడాది ఖర్చు అంచనా యూసీలో తేలిక.

అసలు తేడా అద్దెలో వస్తుంది. ఇంటినుంచి వెళ్లి రాగలిగితే శాన్ హోసే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఇర్వైన్, శాన్ డియేగోలలో క్యాంపస్ హౌసింగ్ హామీ ట్రాన్స్‌ఫర్లకి ఎన్నాళ్లు ఉందో, దరఖాస్తు గడువు ఎప్పుడో సీటు ఒప్పుకోకముందే చూడు. ఆ గడువు దాటితే బయట అద్దె, అది పన్నెండు నెలల ఒప్పందం.

నాలుగు ఎయిడ్ ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి, గ్రాంట్లు విడిగా, అప్పులు విడిగా, పనిచేసి సంపాదించుకునే వర్క్ స్టడీ విడిగా రాసుకో. అప్పుని కూడా "సాయం" కింద కలిపి చూపించే ఉత్తరాలుంటాయి. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు మాత్రమే తీసెయ్, మిగిలింది మీ ఇంటి భారం. క్యాల్ గ్రాంట్ (కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే గ్రాంట్) ఉంటే అది మొత్తం నాలుగేళ్ల చదువుకే. కమ్యూనిటీ కాలేజీలో వాడుకున్నది అందులోంచే పోతుంది. ఐదో ఏడాదికి పొడిగిస్తే గ్రాంట్ ఉంటుందా అన్నది పైన గడియారం గారు చెప్పిన అదనపు క్వార్టర్‌కి ముందు తేల్చుకోవాల్సిన విషయం.

డాలస్_దారి
ఇక్కడ అంతా కాలిఫోర్నియా గురించే ఉంది. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీ నుంచి యూటీ డాలస్ కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లాలంటే ఇదే లెక్క వర్తిస్తుందా? అక్కడ అసిస్ట్ లేదు కదా.

పట్టిక_మనిషి
లెక్క అదే, పనిముట్లు వేరు. టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఉమ్మడి కోర్సు నంబర్లున్నాయి. సీఓఎస్‌సీ 1436, 1437, 2436 ప్రోగ్రామింగ్ వరస, మ్యాథ్ 2413, 2414, 2415 కాల్క్యులస్, ఫిజిక్స్ 2425, 2426. ఏ కాలేజీలో చదివినా నంబరు అదే కాబట్టి యూనివర్సిటీ సమానత పట్టికలో వెతకడం సులువు.

42 క్రెడిట్ గంటల కోర్ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులు) మొత్తం పూర్తి చేసి, ట్రాన్స్‌క్రిప్ట్‌పై "కోర్ కంప్లీట్" అని రాయించుకుంటే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్ని గంపగుత్తగా ఒప్పుకోవాలి. చిక్కు ఏంటంటే, కోర్‌లో గణితం గడికి కాలేజ్ ఆల్జీబ్రా సరిపోతుంది, కంప్యూటర్ సైన్స్‌కి కాల్క్యులస్ కావాలి. కోర్‌లోని మ్యాథ్, సైన్స్ గడులు మేజర్‌కి పనికొచ్చే కోర్సులతోనే నింపండి.

యూటీ డాలస్‌లో చూసుకోవాల్సిన వరస: సీఎస్ 2305 డిస్క్రీట్, 2336 ఉంటే 3345 డేటా స్ట్రక్చర్స్, దాని వెనక 4349 ఆల్గరిథమ్స్. 2305కి సరిపోయే కోర్సు అన్ని కమ్యూనిటీ కాలేజీల్లోనూ దొరకదు, అందుకే చేరాక మొదటి సెమిస్టర్ దానికే పోతుంటుంది. దొరికితే ముందే చదవండి.

రెండు రాష్ట్ర నియమాలు గుర్తుంచుకోండి. 2007 ఫాల్‌లో గానీ ఆ తర్వాత గానీ చదువు మొదలుపెట్టినవాళ్లు టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నీ కలిపి ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయలేరు, కమ్యూనిటీ కాలేజీలో చేసినవీ లెక్కే. డిగ్రీకి అవసరమైనదానికంటే 30 గంటలు మించితే రెసిడెంట్ దగ్గర కూడా ఎక్కువ ట్యూషన్ వసూలు చేయొచ్చు. పనికిరాని ఎలక్టివ్‌లు పోగేసుకోవద్దనేది అందుకే. యూటీ ఆస్టిన్ కూడా మనసులో ఉంటే ఫాల్ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుకి మార్చి 1 గడువు, మరిచిపోకండి.

కొత్తగూడు
షీట్ నింపానండీ. డేవిస్‌లో 50 ఒక్కటి మిగిలింది. ఇర్వైన్‌లో 6బీ, 51, 53 మిగిలాయి. శాన్ హోసేలో 47, 49జే. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌ని ఈ వేసవిలో వేరే కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌లో చదివేస్తే డేవిస్‌లో వరస ఒక క్వార్టర్ ముందుకి వస్తుంది కదా? 70 యూనిట్లు దాటిపోతాయేమోనని భయం.

పట్టిక_మనిషి
వస్తుంది, మంచి ఆలోచన. కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ సైట్‌లో కోర్సులు వెతకండి. సీ-ఐడీ కాంప్ 142 అనేది కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆర్గనైజేషన్‌కి రాష్ట్రవ్యాప్త గుర్తు, దాంతో వెతికితే కాలేజీలు దొరుకుతాయి. కానీ సీ-ఐడీ ఉన్నంతమాత్రాన యూసీ ఒప్పుకున్నట్టు కాదు. దొరికిన ప్రతి కాలేజీకీ అసిస్ట్‌లో డేవిస్ అగ్రిమెంట్ తెరిచి, ఎదురుగా ఈసీఎస్ 50 ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. ఆ కాలేజీ అడిగే ముందస్తు కోర్సు మీరు చదివారని రుజువుగా మీ ట్రాన్స్‌క్రిప్ట్ వాళ్లకి పంపాలి, దాన్ని పరిశీలించడానికి రోజులు పడతాయి. వేసవి నమోదు తెరిచిన వారంలోనే పంపేయండి.

70 యూనిట్ల గురించి భయం వద్దు. కమ్యూనిటీ కాలేజీ నుంచి 70 సెమిస్టర్ యూనిట్లు, అంటే 105 క్వార్టర్ యూనిట్లు మాత్రమే డిగ్రీ మొత్తంలో కలుపుతారు. అది దాటినవాటికి యూనిట్లు రావు గానీ కోర్సు తీరినట్టే లెక్క. ఈసీఎస్ 50 తీరడమే మీకు కావాలి. డిగ్రీకి 180 క్వార్టర్ యూనిట్లలో మిగిలిన 75 ఎలాగూ అక్కడ చదవాల్సినవే.

ఒక హెచ్చరిక: లెటర్ గ్రేడ్‌కే చదవండి, పాస్/నో పాస్ వద్దు. ఆ కోర్సు చేర్చిన సంగతి డేవిస్ పోర్టల్‌లో తెలియజేయండి. వేసవి ఫలితం ఆగస్టులో వస్తుంది, ఓరియెంటేషన్ అంతకుముందే ఉంటే 154ఏ కి ముందస్తు షరతు తీరనట్టు చూపించి సిస్టమ్ ఆపుతుంది. అప్పుడు "చదువుతున్నాను" అన్న రుజువుతో డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి రాయాలి. ఓరియెంటేషన్ తేదీల్లో అన్నిటికంటే ముందుది పట్టుకోండి, ఆలస్యంగా వెళ్లేవాళ్లకి 122ఏ లాంటి క్లాసుల్లో వెయిట్‌లిస్టే మిగులుతుంది.

మీ షీట్ ప్రకారం నా మాట: డేవిస్. ఇర్వైన్‌లో కంప్యూటింగ్‌కి విడిగా ఒక స్కూలే ఉంది, ఎలక్టివ్‌లు చాలా ఎక్కువ, కానీ మీకు మిగిలిన మూడు లోయర్ డివిజన్ కోర్సుల్లో 51 వెనక 53 రావాలి, రెండు క్వార్టర్లు తింటాయి. ఇంటినుంచి వెళ్లి చదవడం కుదిరి, అప్పు లేకుండా బయటపడటం ముఖ్యమైతే శాన్ హోసే. ఆ రెండింటి మధ్య నిర్ణయం మీ ఇంటి లెక్క చూసి చేయాల్సింది, నేను చెప్పలేను.

ఎఫ్1_మిత్ర
ఈ చర్చ చదివే అంతర్జాతీయ (ఎఫ్-1 వీసా) విద్యార్థుల కోసం. కాలేజీ మారేటప్పుడు సెవిస్ (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలుంచే వ్యవస్థ) రికార్డు కూడా మారాలి. కొత్త యూనివర్సిటీని నిర్ధారించుకున్నాక పాత కాలేజీ డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అడ్మిట్ ఉత్తరంతో రిలీజ్ తేదీ (రికార్డు కొత్త చోటికి మారే రోజు) చెప్పాలి. చదువు ముగిశాక ఉండే 60 రోజుల్లోపే ఇది జరగాలి, కొత్త చదువు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. రిలీజ్ తేదీ దాటాక పాత కాలేజీ మీ రికార్డుని ముట్టుకోలేదు, అందుకే రెండు అడ్మిట్ల మధ్య ఊగిసలాడుతూ తేదీ ఇవ్వకండి.

ప్రతి టర్మ్‌లో ఫుల్‌టైమ్ లెక్కకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే (3 యూనిట్లు) చెల్లుతుంది. సీపీటీకి (చదువులో భాగంగా ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి) ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదివి ఉండాలి. కమ్యూనిటీ కాలేజీ ఏడాదిని కొత్త యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంటుందా అని చేరేముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. తీసుకోకపోతే మీకున్న ఒకే ఒక్క వేసవి ఇంటర్న్‌షిప్ ప్రమాదంలో పడుతుంది. ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మీద కంప్యూటర్ సైన్స్ కోడ్ 11.0701, చదువయ్యాక పని అనుమతికి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు జాబితాలో ఉంది. అనుబంధ మేజర్లు తీసుకునేవాళ్లు తమ కోడ్ కూడా ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

పెద్దక్క
దీనికి తోడు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) పిల్లల సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లలో చాలామందికి అవసరం. 21 నిండితే హెచ్-4 ఉండదు. ట్రాన్స్‌ఫర్‌గా చేరే వయసు సరిగ్గా అదే. హెచ్-4 మీద కాలిఫోర్నియా రెసిడెన్సీ పొందొచ్చు, ఎఫ్-1 మీద కొత్తగా పొందడం కుదరదు. మరోపక్క హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతమున్న ఇంటర్న్‌షిప్ చేయలేరు, ఎఫ్-1 అయితే సీపీటీ ఉంటుంది. ఎప్పుడు మారాలన్నది ట్యూషన్ మీదా, ఇంటర్న్‌షిప్ మీదా ఒకేసారి ప్రభావం చూపిస్తుంది. యూనివర్సిటీ రెసిడెన్స్ డిప్యూటీనీ, డీఎస్‌ఓనీ ఇద్దరినీ అడిగి, స్టేటస్ మార్పు దరఖాస్తుకి నెలలు పడుతుందని గుర్తుపెట్టుకుని, పుట్టినరోజుకి చాలా ముందే మొదలుపెట్టండి.

కొత్తగూడు
ఇంట్లో మాట్లాడి డేవిస్‌కి జూన్ 1 లోపు ఒప్పుకుంటున్నాను. ఒప్పుకున్నాక సీటు పోయే ప్రమాదం ఏమైనా ఉంటుందా?

క్వార్టర్_గడియారం
ఉంటుంది, అడ్మిట్ షరతులతో కూడినది. దరఖాస్తులో, జనవరి అప్‌డేట్‌లో రాసిన ప్రతి కోర్సూ పూర్తి చేయాలి. ఈ స్ప్రింగ్‌లో డీ గానీ ఎఫ్ గానీ రాకూడదు. షరతుల పేజీలో రాసిన జీపీఏ నిలబెట్టుకోవాలి. కోర్సు డ్రాప్ చేస్తే, గ్రేడ్ తగ్గేలా ఉంటే వాళ్లకి తెలిసేలోపు మీరే పోర్టల్‌లో తెలియజేయండి. ముందే చెప్పినవాళ్ల విషయంలో దారి చూపించే అవకాశం ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ వచ్చాక బయటపడితే రద్దే.

ట్రాన్స్‌క్రిప్ట్‌లకి జులై 1 గడువు. స్ప్రింగ్ గ్రేడ్లు పడ్డాక పంపేలా ఆర్డర్‌లో ఎంచుకోండి, లేకపోతే సగం ఖాళీగా ఉన్నది వెళ్లిపోతుంది. ఒక్క కోర్సు చదివిన కాలేజీ అయినా సరే, విడిగా పంపాలి. వేసవి కోర్సు ట్రాన్స్‌క్రిప్ట్ ఆగస్టులో మళ్లీ. జీఈ ధ్రువపత్రం, ఐగెట్సీ అయినా 2025 ఫాల్ నుంచి వచ్చిన క్యాల్‌గెట్సీ అయినా, ట్రాన్స్‌క్రిప్ట్‌తో దానంతటది వెళ్లదు. చివరగా చదివిన కమ్యూనిటీ కాలేజీ కౌన్సెలింగ్ ఆఫీసులో విడిగా ఫారం పెట్టాలి. వేరే కాలేజీల్లో తీర్చిన గడులుంటే ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌లు ముందు వాళ్ల చేతికి చేరాలి.